చెట్టు దగ్గర ఆగిన చదువు

మా అమ్మాయికి ఐదో ఏడు నిండేసరికి గోడమీది అక్షరాల పటం అంతా నోటికొచ్చేసింది. అ నుంచి అః దాకా ఒక గుక్క, క నుంచి క్ష దాకా ఇంకో గుక్క. ఇంటికొచ్చిన చుట్టాలందరికీ అప్పజెప్పింది. అందరూ బుగ్గలు పుణికారు. "ఇంకేం, చదువొచ్చేసినట్టే" అంటూ మా అత్తగారు దిష్టి తీశారు. నేనూ అలాగే అనుకున్నాను. ఆ ఆదివారం బొమ్మల పుస్తకం ఒకటి దాని ఒళ్లో పెట్టి మొదటి పేజీ తెరిచాను. పెద్ద పెద్ద అక్షరాల్లో ఒకటే వాక్యం: చెట్టు మీద కాకి ఉంది.

"చె" అంది. "టు" అంది. ఆ తర్వాత కింద వేలాడుతున్న చిన్న ట మీద వేలు పెట్టి "ట" అంది. చెటుట. అలాంటి మాట ఎప్పుడూ విని ఉండదు కాబట్టి నా మొహంలోకి చూసింది. "మళ్లీ చదువు" అన్నాను. మళ్లీ చెటుటే వచ్చింది. మూడోసారికి నా గొంతు పెరిగింది. పిల్ల పుస్తకం మూసేసి "నాకు రాదమ్మా" అంది. మా కిటికీకి ఎదురుగా వేపచెట్టు ఉంది. పాకే వయసునుంచీ దానికి తెలిసిన చెట్టు. అన్నం తినిపించింది ఆ చెట్టును చూపించే.

అక్షరాలన్నీ వచ్చిన పిల్ల ఒక్క చెట్టు దగ్గర ఎందుకు ఆగిపోయింది? ఆ ప్రశ్న పట్టుకుని ఏడాదిన్నర నడిచాను. అక్షరాలు రావడం వేరు, చదవడం రావడం వేరు. తెలుగులో ఆ రెండింటి మధ్యా పెద్ద దూరమే ఉంది. ఆ దూరమంతా పిల్ల పక్కన ఎవరో ఒకరు తీరిగ్గా కూర్చుని ఉండాలి. తరగతి నిండా పిల్లలున్న టీచరుకు ఒక్కొక్కరి పక్కనా అలా కూర్చునే వీలుండదు. ఇంట్లో పావుగంట దొరుకుతుంది. కానీ పటం నోటికి రాగానే పని అయిపోయిందనుకుని చాలామందిమి సరిగ్గా అక్కడే లేచి వెళ్లిపోతున్నాం.

పాటగా వచ్చిన అక్షరం

మీ ఇంట్లో ఐదేళ్ల పిల్లలుంటే ఒకటి చేసి చూడండి. తెల్ల కాగితం మీద డ ఒక్కటే రాసి ఇదేమిటని అడగండి. చాలామంది పెదవులు కదుపుతారు. ట, ఠ, డ అని లోపల పాడుకుని అప్పుడు పైకి చెబుతారు. ఆ అక్షరం వాళ్లకు వరసలో తెలుసు, విడిగా తెలియదు. తెలిసినవాళ్ల ఇంటికి వెళ్లడానికి ప్రతిసారీ వీధి మొదటినుంచి గుమ్మాలు లెక్కపెట్టుకుంటూ రావడం లాంటిది ఇది. ఫోన్లో వచ్చే అక్షరాల పాటలు కూడా ఆ వరసనే ఇంకా గట్టి చేస్తాయి. పాట తప్పు కాదు. మా అమ్మాయి వాటికి గెంతులేసి మరీ పాడేది. కాకపోతే పాట పాటే.

వరస వదిలాక పోలికల చిక్కు మొదలవుతుంది. ప పొట్టలో ఒక చిన్న గీత పెడితే ష. కింద ఒక గీత పెడితే ఫ. వకు కొమ్ము పెట్టేటప్పుడు కాస్త కిందికి దింపకపోతే మ అయి కూర్చుంటుంది. ద, ధ, థ మూడూ అక్కచెల్లెళ్లలా ఉంటాయి. పెద్దవాళ్లకు ఇవి వేరువేరుగా కనిపించడం సహజమనిపిస్తుంది గానీ పిల్లల కంటికి అది సహజం కాదు. చెంబును ఎటు తిప్పినా చెంబే. మూతి పక్కకు ఉన్నా, కాస్త సొట్ట పడినా చెంబే. పుట్టినప్పటినుంచీ కన్ను నేర్చుకున్నది అదే, చిన్న తేడాలను పట్టించుకోకుండా వస్తువును గుర్తుపట్టడం. చదువు దగ్గరికొచ్చేసరికి ఒక్క చుక్క తేడా వస్తే మాటే మారిపోతుంది అంటాం. ఫ్రెంచి శాస్త్రవేత్త స్టానిస్లాస్ దెహేన్ మెదడు ఎలా చదువుతుందో వివరిస్తూ ఈ సంగతే రాశారు. వస్తువులనూ మొహాలనూ గుర్తుపట్టే చోటునే మెదడు కొంత సవరించుకుని చదవడానికి వాడుకుంటుందట. మాటలు పట్టుకునే శక్తి పిల్లలకు పుట్టుకతోనే ఉంది, చదువుకు అలాంటిది లేదు. ఎవరైనా నేర్పాల్సిందే. ఇది తెలిశాక ష అన్నచోట ప అని చదివినప్పుడల్లా కసిరే అలవాటు నాకు పోయింది.

ఆ పైన గుణింతం. 35 పైచిలుకు హల్లులు, ఒక్కోదానికి డజను రూపాలు. వెరసి 400 దాటాయి. ఇవన్నీ కొత్త అక్షరాలు కావు, దీర్ఘం, గుడి, కొమ్ము, ఏత్వం లాంటి గుర్తులు తగిలించుకున్న పాతవే. అయినా పిల్లకు మొదట అన్నీ కొత్తగానే కనిపిస్తాయి. కి చూసి క అంటుంది, మి చూసి తెల్లమొహం వేస్తుంది. కన్నడ పిల్లలు చదవడం ఎలా నేర్చుకుంటారో పరిశీలించిన సొనాలీ నాగ్ 2007లో ప్రచురించిన అధ్యయనంలో, అక్షర రూపాల మీద పట్టు ప్రాథమిక తరగతుల పొడుగునా మెల్లమెల్లగా వస్తూనే ఉంటుందని చూపించారు. కన్నడ లిపి మనకు తోబుట్టువు. గుణింతమూ ఒత్తులూ అక్కడా అంతే. ఆంగ్లంలో 26 అక్షరాలు ఎల్‌కేజీలోనే అయిపోతాయి గనక తెలుగూ అప్పుడే అయిపోవాలనుకోవడం పిల్లలకు మనం చేసే అన్యాయం.

దేశంలో పిల్లల చదువు ఎలా ఉందో చూడటానికి ప్రథమ్ సంస్థ ఆధ్వర్యంలో అసర్ సర్వే జరుగుతుంది. కార్యకర్తలు పల్లెల్లో ఇంటింటికీ వెళ్లి పిల్లల చేతికి ఒక కాగితం ఇస్తారు. అందులో విడి అక్షరాలు, చిన్న మాటలు, ఒకటో తరగతి స్థాయి నాలుగు వాక్యాలు, రెండో తరగతి స్థాయి చిన్న కథ ఉంటాయి. 2024 నివేదిక ప్రకారం గ్రామీణ ప్రాంతాల ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి పిల్లల్లో ఆ కథ చదవగలిగినవాళ్లు 23.4 శాతం. 2022లో 16.3 శాతమే ఉండింది కాబట్టి కొంత మేలే. అయినా నలుగురిలో ముగ్గురు మూడో తరగతిలో ఉండి కూడా చిన్న కథ చదవలేకపోతున్నారు. ఈ అంకె చదివినప్పుడు నాకు బడులమీద కోపం రాలేదు. చెటుట అని నా మొహంలోకి చూసిన చూపు గుర్తొచ్చింది. ఆ ముగ్గురూ ఎక్కడో ఒక చెట్టు దగ్గర ఆగి, ఎవరో ఒకరి మొహంలోకి అలా చూసే ఉంటారు.

కచె కట్టు

మాకు దారి చూపించింది కభాష.

మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. పెద్దవాళ్లకు అర్థం కాకుండా మాట్లాడుకోవడానికి ప్రతి అక్షరం ముందూ క తగిలించి గబగబా మాట్లాడేవాళ్లం. నువ్వు అనాలంటే కను కవ్వు. రా అనాలంటే కరా. హనుమకొండలో మా మేడమీద నేనూ మా పెదనాన్న కూతుళ్లూ వేసవి సెలవులంతా ఈ భాషే. ఒకరోజు మా అమ్మాయికి సరదాగా నేర్పాను. రెండు రోజుల్లో అందుకుంది. వాళ్ల నాన్నను "కనా కన్నా" అని పిలిచి పకపకా నవ్వింది. నేను చేస్తున్న పని వదిలేసి అలాగే నిలబడిపోయాను. నాన్నా అనే మాటను అది నా, న్నా అని విరిచింది. న్, నా అని విడగొట్టలేదు. ఎవరూ చెప్పకుండానే ఒత్తున్న అక్షరాన్ని ఒకే ముక్కగా పట్టుకుంది.

"కభాషలో చెట్టు అను" అన్నాను.

"కచె కట్టు."

చెటుట కాదు, చె, ట్టు. దాని నోటికి ఆ అక్షరం ఎప్పుడో తెలుసు. కంటికే తెలియదు. వెంటనే పలక తెచ్చి ట్టు అని పెద్దగా రాసి, "ఇది కట్టులో ట్టు" అన్నాను. తను దాన్నే చూస్తూ ఉండిపోయింది. తెలుగు ఒత్తుల్లో పిల్లలను తికమక పెట్టే సంగతి ఇక్కడే ఉంది. ట్టులో కొమ్ము పైనున్న టకు అంటుకుని ఉంటుంది. పలికేటప్పుడు మాత్రం కిందున్న ట అయ్యాకే ఉ వస్తుంది. కంటికి కనిపించే వరస ఒకటి, చెవికి వినిపించే వరస ఇంకొకటి. పైనుంచి కిందికి చదివిన పిల్ల తప్పేమీ చేయలేదు. కనిపించింది కనిపించినట్టు చదివింది. చక్రంలో ర ఒత్తు అచ్చులో కకు ఎడమ పక్కనుంచే మొదలవుతుంది కాబట్టి ఇంకొందరు చరకం అంటారు. త, న, మ, య, ర, ల ఒత్తులకైతే అసలు అక్షరంతో పోలికే లేదు. వాటిని కొత్త మొహాల్లాగానే పరిచయం చేయాలి.

ఆ రోజునుంచి మేం ఒత్తులను విడగొట్టడం మానేశాం. టకు ట ఒత్తు, కొమ్మిస్తే ట్టు అనే పాత పాఠం పెద్దయ్యాక రాత నేర్చుకునేటప్పుడు పనికొస్తుంది. చదువు మొదలైన రోజుల్లో ఒత్తక్షరం నోట్లో ఒకే ముద్ద. అమ్మలో మ్మ, అక్కలో క్క, పిల్లిలో ల్లి, పువ్వులో వ్వు. ఇంట్లో రోజూ వంద సార్లు వినపడే మాటల్లోంచే వాటిని ఏరుకున్నాం. మాటలోని చప్పుళ్లను చెవితో విడదీయగలగడం చదువుకు పునాది అని నిపుణులు ఎన్నో విధాలుగా చెబుతుంటారు. మన మేడల మీద ఆడపిల్లలు ఆడుకున్న ఆటలో అది ముందునుంచీ ఉంది.

గోడమీది పటంలో ఇంకో పొరపాటు కూడా అప్పుడే కంటపడింది. అ అంటే అమ్మ, ఇ అంటే ఇల్లు. ప్రేమ కొద్దీ పెట్టిన మాటలే, కానీ రెండింటిలోనూ ఒత్తులున్నాయి. అ నేర్చుకునే పిల్ల ఆ మాటలను చదవలేదు, బొమ్మ చూసి చెబుతుంది. అందుకే మేం పటం పక్కన పెట్టి, ఏ గుర్తూ లేని ఏడెనిమిది అక్షరాలతో మొదలుపెట్టాం. ల, వ, త, క, ప, డ, గ, జ. వీటితోనే తల, వల, కల, జడ, పలక, పడవ, గడప, తడక వస్తాయి. అట్ట ముక్కల మీద రాసి నేలమీద పరిస్తే, పిల్ల వాటిని అటూ ఇటూ జరుపుతూ మాటలు కట్టుకుంది. మూడో రోజు తనంతట తనే పడక అని పేర్చింది. నేను చెప్పని మాట. ఆ సంతోషం ఎలాంటిదో పిల్లలకు చదువు చెప్పుకున్నవాళ్లకే తెలుసు.

దీర్ఘం వచ్చాక తాత, పాప, జామ. గుడి వచ్చాక కాకి, గిలక. వంటింట్లో డబ్బాలకు కాగితాలు అంటించాం. కారం, పసుపు, ఆవాలు, బెల్లం. "అమ్మా, పసుపులో రెండు కొమ్ములున్నాయి" అని అదే లెక్కపెట్టింది. రోజుకు పావుగంట. తను ఆవులించిందంటే ఆపేయడమే. ఈ ఒక్క నియమం మాత్రం మేం ఎప్పుడూ తప్పలేదు.

దిద్దించిన చేతులు

మా అత్తగారిది పశ్చిమ గోదావరి జిల్లా. ఈ పద్ధతి ఆవిడకు మొదట నచ్చలేదు. "మా నాన్నగారు ఒక్కో అక్షరం వంద సార్లు దిద్దించేవారు. వేలు నొప్పెడుతున్నా ఊరుకునేవారు కాదు" అన్నారు. ఆవిడ మాట నేను తీసేయలేను. తొంభై ఏళ్ల ఆ తాతగారు చివరిదాకా ముత్యాల్లాంటి అక్షరాలు రాశారు.

అక్షరాలు దిద్దించడమన్నది మన దగ్గర చాలా పాతది, చాలా అందమైనది కూడా. బాసరలో గోదావరి ఒడ్డున సరస్వతి గుడిలో పిల్లల వేలు పట్టుకుని బియ్యంలో ఓం నమశ్శివాయ అని రాయిస్తారు. ఆ మాటలోంచే ఓనమాలు అన్న పేరు పుట్టింది. వీధిబడుల్లో ఇసుక పోసి వేలితో దిద్దించేవారు. ఆ పద్ధతికి పుస్తక రూపం ఇచ్చింది బాలశిక్ష. 1832లో మద్రాసులో పుదూరు సీతారామశాస్త్రి రాసిన ఆ చిన్న పుస్తకమే పెరిగి పెరిగి పెద్దబాలశిక్ష అయింది. అక్షరాలు, గుణింతాలు, ఒత్తులు, రెండక్షరాల మాటలు, మూడక్షరాల మాటలు అలా మెట్లెక్కిస్తుంది. దాన్ని తిరగేసినప్పుడు నాకు అనిపించింది ఏమిటంటే, ఆ పుస్తకం ఒత్తులను దాటేయలేదు. వాటికి ఇవ్వాల్సిన చోటు ఇచ్చింది. మనం ఆ ఓపికను వదిలేసి అక్షరాల పటం ఒక్కటీ ఉంచుకున్నాం. ఆ పద్ధతిలో నాకు కష్టమనిపించేది ఒకటే. మాటకు అర్థం మెట్లన్నీ ఎక్కాక గానీ దొరకదు. అప్పటిదాకా పిల్ల దేనికి ఎక్కుతున్నట్టు?

రాత కోసం నేను ఆరో ఏడు వచ్చేదాకా పట్టుబట్టలేదు. చదవడం కళ్లపని, చెవిపని. రాయడానికి వేళ్లలో పట్టు కావాలి. ఆ పట్టు ఇంకా లేని పిల్ల చేతికి నాలుగ్గీతల పుస్తకం ఇచ్చి రెండు పేజీలు నింపమంటే, రాత మీద పుట్టిన విసుగు చదువు మీదికి పాకుతుంది. పలక, బలపం మాత్రం ఇంట్లో ఎప్పుడూ అందుబాటులో ఉంచాను. తుడిచేయగలిగిన తప్పుకు పిల్లలు భయపడరు. మా అత్తగారు సాయంత్రాలు పీట వేసుకుని ముగ్గు పిండితో వాకిట్లో అక్షరాలు వేయడం మొదలుపెట్టారు. "రావే అమ్మడూ, ఈ కొమ్ము నువ్వు దిద్దు" అని. ఒక నెల తిరిగేసరికి మా ఇద్దరి పద్ధతులూ ఒకటే అయిపోయాయి.

గోంగూర, పుంటికూర

మా అమ్మ బడికి పోలేదు. తొంభైల మొదట్లో అక్షరాస్యత ఉద్యమం ఊరూరా నడిచినప్పుడు, పొలం పని అయ్యాక రాత్రిపూట లాంతరు కింద నేర్చుకుంది. ఇప్పటికీ వేలు పెట్టుకునే చదువుతుంది. వేలు కదిలే వేగంతోనే గొంతూ కదులుతుంది. సంక్రాంతికి మా దగ్గరికొచ్చినప్పుడు మనవరాలిని ఒళ్లో కూర్చోబెట్టుకుంది. ఇద్దరూ ఒకే పుస్తకం మీద రెండు వేళ్లు పెట్టారు. ఒకచోట మా అమ్మాయి ఆగిపోయింది. అమ్మ కూడా ఆగింది. "ఇది నాగ్గూడ సక్కగ ఎర్కలేదు బిడ్డా. నిమ్మలంగ సూద్దాం, ఇద్దరం కలిసి" అంది. ఆ పేజీకి పది నిమిషాలు పట్టింది. నేనైతే రెండో నిమిషంలోనే ఆ మాట అందించేసేదాన్ని. మెల్లగా చదివే మనిషి పక్కన కూర్చుంటే పిల్లకు ఎంత ధైర్యమో ఆ రోజు చూశాను. మాకు సరిగ్గా చదవడం రాదు, పిల్లలకేం చెబుతాం అని వెనకాడే తల్లులకు మా అమ్మ గురించి చెప్పాలనిపిస్తుంది.

ఆ ఉద్యమం రోజులనాటి సంగతి ఒకటి. నెల్లూరు జిల్లా అక్షరాస్యత తరగతుల్లో సీతమ్మ కథ అనే పాఠం ఉండేది, సారా వల్ల చితికిపోయిన సంసారం గురించి. దూబగుంట ఆడవాళ్లు ఆ పాఠం చదివారు, దాని గురించి మాట్లాడుకున్నారు, తమ ఊళ్లో సారా దుకాణం మూయించారు. ఆ కదలిక జిల్లా దాటి రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. అక్షరాలు అప్పుడే నేర్చుకుంటున్న మనుషులు, పాఠంలో తమ బతుకు కనిపించేసరికి అంత పని చేశారు. ఐదేళ్ల పిల్ల విషయంలో కూడా ఇదే నిజమని నేను నమ్ముతాను. పుస్తకంలో తన ఇల్లు కనిపించాలి.

కానీ ఏ ఇల్లు? మా అమ్మకు పుంటికూర, మా అత్తగారికి గోంగూర. పుస్తకంలో కాకి వస్తున్నది. మా అమ్మ నోట వస్తాంది. మా అమ్మాయి ఒకరోజు వస్తున్నది అని ఉన్నచోట వస్తాంది అని చదివింది. మొదట సరిచేయబోయాను. తర్వాత ఆలోచిస్తే, అది తప్పు చదవలేదు. అక్షరాలు చూసి, అర్థం పట్టుకుని, తన ఇంటి భాషలో చెప్పింది. "ఔను, అమ్మమ్మ అలాగే అంటుంది. పుస్తకం ఏమంటోందో చూడు" అన్నాను. మాట కింద వేలు పెట్టి మళ్లీ చూసింది. ఆ తర్వాత అదొక ఆటైంది, పుస్తకం ఎలా అంటుంది, అమ్మమ్మ ఎలా అంటుంది, నాయనమ్మ ఎలా అంటుంది. ఇంటి భాషను తప్పని చెప్పి చదువు నేర్పితే, ఇల్లూ చదువూ రెండూ వేరని పిల్ల మనసులో పడిపోతుంది. పర్లాకిమిడిలో టీచరుగా ఉన్న గిడుగు రామమూర్తి సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ల భాషలోనే వాచకాలు తయారుచేశారు. వందేళ్ల కిందటే ఆయనకు తట్టిన సంగతి ఇది.

విదేశాల్లో ఉన్న మనవాళ్లది ఇంకో రకం కష్టం. మా ఆడపడుచు వాళ్లు డాలస్‌లో ఉంటారు. సిలికానాంధ్ర 2007లో మొదలుపెట్టిన మనబడి లాంటి తరగతుల్లో వాళ్లబ్బాయి అక్షరాలన్నీ చక్కగా నేర్చుకున్నాడు. గడప అని చదివేస్తాడు. గడప అంటే ఏమిటో తెలియదు, వాళ్ల ఇంటికి గడప లేదు. అక్కడ అక్షరం కంటే ముందు మాట కావాలి, వీడియో కాల్‌లో నాయనమ్మ కథ కావాలి.

నలభై సార్లు చదివిన పుస్తకం

మా తరంలో చాలామందికి ఇంట్లో చదువు చెప్పింది చందమామ. 1947 జులైలో మొదలైన ఆ పత్రికలో తరవాతి పేజీలో బేతాళుడు ఏమడిగాడో తెలుసుకోవాలన్న ఆత్రానికే ఒత్తులూ సంయుక్తాలూ లొంగిపోయేవి. ఇప్పుడు ఆ పత్రిక లేదు. ఐతే ఆరేళ్ల లోపు పిల్లలకు పేజీకి ఒకటి రెండు వాక్యాలుండే పుస్తకాలు మా చిన్నప్పుడు లేవు, ఇప్పుడున్నాయి. సికింద్రాబాద్‌లోని మంచి పుస్తకం వాళ్లవి తక్కువ ధరకు దొరుకుతాయి. తూలిక వాళ్లవి, ప్రథమ్ బుక్స్ వాళ్లవి తెలుగులో వస్తున్నాయి. ప్రథమ్ బుక్స్ 2015లో పెట్టిన స్టోరీవీవర్‌లో తెలుగు బొమ్మల కథలు ఉచితంగా చదువుకోవచ్చు, అచ్చు వేసుకోవచ్చు కూడా. పుట్టినరోజుకు ప్లాస్టిక్ బొమ్మ బదులు నాలుగు పుస్తకాలు పట్టుకెళ్తే ఎవరూ చిన్నబుచ్చుకోరు.

పిల్లలు ఒకే పుస్తకాన్ని నలభై సార్లు అడుగుతారు. విసుక్కోకండి. మా అమ్మాయికి ఒక ఏనుగు కథ కంఠతా వచ్చేసింది, పుస్తకం తలకిందులుగా పట్టుకుని కూడా చదివేది. అది మోసం కాదు. మాట ముందే తెలుసు కాబట్టి కన్ను తీరిగ్గా అక్షరాన్ని చూస్తుంది. ఒకరోజు ఏనుగు అన్న మాట మీద వేలు ఆపి, "ఇందులో పసుపులో ఉన్న కొమ్ము ఉంది" అంది. రెండు కొమ్ములు నిజంగానే ఉన్నాయి.

బొమ్మ చూసి ఊహించినప్పుడు ఏం చేయాలన్నది చాలామంది అడుగుతారు. పుస్తకంలో వర్షం అని ఉంటే పిల్ల వాన అంటుంది. కథ అర్థమైందన్నమాట. ముందు ఆ సంతోషం చూపించి, తర్వాత "వానే. కానీ ఇది దేంతో మొదలైంది, దీని మొదట్లో దీర్ఘం ఉందా?" అని అడిగితే చాలు. తప్పు చదివిన ప్రతిసారీ మాట అందించేయడం కంటే మనసులో ఐదు అంకెలు లెక్కపెట్టుకోవడం మంచిది. నాలుగో అంకెకు చాలాసార్లు పిల్లే సరిచేసుకుంటుంది. ఇది నాకు అన్నిటికంటే కష్టమైన పాఠం.

బడిలో అంతా ఆంగ్లమే, తెలుగు చెబితే తికమక పడదా అని మా అపార్ట్‌మెంట్‌లో ఒకరు అడిగారు. అక్షరాలను కలిపితే మాట అవుతుందన్న రహస్యం ఒక భాషలో తెలిస్తే రెండో భాషలో మళ్లీ కనిపెట్టనక్కర్లేదు. తెలుగులో రాసినట్టే పలుకుతాం కాబట్టి ఆ రహస్యం ఇక్కడ తేలిగ్గా చిక్కుతుంది. మా అమ్మాయి ఆంగ్లం పుస్తకాలు పట్టుకుంది తెలుగు చదవడం వచ్చాకే.

ఒక సంగతి మాత్రం జాగ్రత్తగా చెప్పాలి. ఏడెనిమిదేళ్లు వచ్చి, ఇంట్లో ఓపికగా చెప్పే మనిషి ఉండి కూడా అక్షరాలు నిలవకపోతే, ఒక రోజు వచ్చిన మాట మర్నాడు పూర్తిగా పోతుంటే, ముందు కళ్లూ చెవులూ పరీక్ష చేయించండి. అవి బాగుంటే పిల్లల మనస్తత్వ నిపుణుల దగ్గరికి తీసుకెళ్లండి. డిస్లెక్సియా లాంటి ఇబ్బంది తెలివితక్కువతనం కాదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఇలాంటి ఇబ్బందులనూ గుర్తించింది, పరీక్షల్లో వెసులుబాట్లు అడిగే హక్కు ఉంది. మాకు తెలిసినవాళ్ల అబ్బాయి పదో ఏడు దాకా మొద్దు అనే మాట మోశాడు. ఆ మాట ఇంట్లోనే మొదలైంది. అది తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో దేవినట్టుంటుంది.

ఉప్పల్ నుంచి హనుమకొండ

మా అమ్మ దగ్గరికి వెళ్లాలంటే ఉప్పల్‌లో బస్సెక్కాలి. పోయిన వేసవిలో కిటికీ పక్కన కూర్చుని దారిలో వచ్చిన ప్రతి బోర్డూ మా అమ్మాయి పైకి చదివింది. ఘట్‌కేసర్ దగ్గర తడబడింది. భువనగిరి వచ్చేసరికి ఒక్కో అక్షరం మీదా కాలు మోపుకుంటూ భు, వ, న, గి, రి అని మొత్తం చదివి సీటు మీద లేచి నిలబడింది. ఆలేరు. జనగామ. జనగామలో ఒక్క ఒత్తూ లేదని ఆ రోజే గమనించాను. స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర మాత్రం స్ట చూసి నా వైపు తిరిగింది. నేను ఐదు లెక్కపెట్టాను. బస్సు ఆగలేదు, బోర్డు వెనక్కి వెళ్లిపోయింది. "వచ్చేటప్పుడు చదువుతా" అంది. రెండు రోజుల తర్వాత తిరుగు ప్రయాణంలో దానికోసమే కళ్లు కాయలు కాచేలా చూసి, చదివింది.

ఈ దసరాకు మళ్లీ అదే బస్సు. ఒళ్లో ఒక పుస్తకం ఉంది. భువనగిరి గుట్ట కనిపించింది, చెప్పాను. ఊఁ అంది. ఆలేరు దాటాం. ఏమిటింత నిశ్శబ్దంగా ఉందని వంగి చూశాను. వేలు పేజీ మీద లేదు. పెదవులు కదలడం లేదు. కళ్లు మాత్రం వరస వెంట కదులుతున్నాయి, చివరికి వెళ్లి మళ్లీ మొదటికొస్తున్నాయి. ఉన్నట్టుండి ఫక్కున నవ్వింది.

"ఏంటే?" అన్నాను.

"ఉండమ్మా" అంది, తలెత్తకుండా. జనగామ బోర్డు కిటికీ పక్కనుంచి వెళ్లిపోయింది.